శంకరం వంద

భీమశంకరం రెండో జత మేజోళ్లు తొడుక్కుని, వాటి మీద కొట్టులో కూరగాయలు వేసిచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచులు చుట్టి, చీలమండల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేశాడు. ఆ పైన మూడో జత మేజోళ్లు. ఆ తరవాత బూట్లు. సంచి ఉంటే, బూటులోకి మంచు దిగినా కాలికి తడి తగలదు. ఎనిమిది చలికాలాలుగా శనివారం పొద్దున అతను ఇదే వరసలో తయారవుతున్నాడు.

పొట్టి మనిషి. అరవై ఒక్క ఏళ్లు. భుజాలు వెడల్పు, మెడ తక్కువ, చేతివేళ్లు మొద్దుగా అల్లంకొమ్ముల్లా ఉంటాయి. డెవాన్ వీధిలో ఇండియన్ కిరాణా కొట్టులో కూరగాయల పెట్టెలు దించి, ఏరి, సర్దడం అతని పని. పద్నాలుగేళ్ల నుంచి అదే పని. కొట్టుకి వచ్చేవాళ్లకి అతని పేరు తెలియదు. "వెజిటబుల్ అంకుల్" అంటారు. దానికి పలుకుతాడు.

"ఫోన్‌లో మూడు ఫారెన్‌హీట్ చూపిస్తోంది. గాలితో కలిపితే మైనస్ పద్నాలుగంట," అంది అతని భార్య రాధారాణి, టీ గ్లాసు అతని ముందు పెడుతూ. ఆమె అదే కొట్టు వెనక వంటగదిలో చపాతీలు చేస్తుంది. "ఈ చలికి ఆ బాతులకే విసుగొచ్చి ఎటైనా పోయుంటాయి."

"పోవు. చలి ముదిరితేనే హార్బర్‌లోకి వస్తాయి."

"వస్తాయి లెండి, మీరు రాలేదని బెంగపెట్టుకుని." ఆమె ఎదురుగా కూచుంది. "ఇంతకీ ఆవిడకి చెప్పేస్తారా?"

అతను టీ ఊదుకున్నాడు.

"చెప్పకండి, నా మాట వినండి. రేపు ఫ్లైటెక్కి కొడుకు దగ్గరికి ఫ్రీమాంట్ వెళ్లిపోతోంది. డెబ్భై ఆరేళ్ల మనిషి. సంతోషంగా వెళ్లనివ్వండి. తక్కువ లెక్కపెట్టారని బాతులొచ్చి కంప్లైంట్ చేస్తాయా?"

అతనికి నవ్వొచ్చింది కాని, నవ్వు పూర్తికాలేదు.

విషయం గురువారం నిమ్మకాయల దగ్గర బయటపడింది. ఎవరిదో హోటల్‌కి అయిదు వందల నిమ్మకాయలు కావాలంటే, అతను వందేసి చొప్పున అయిదు సంచులు కట్టాడు. పెట్టెలో కాయలు తగ్గాయేమిటని కొట్టు యజమాని కొడుకు రఘు సంచులు విప్పి లెక్కపెట్టాడు.

"అంకుల్, హండ్రెడ్ అంటే హండ్రెడ్. మీ బ్యాగ్‌లో వన్ నాట్ ఫైవ్ ఉన్నాయి. అయిదింట్లోనూ అంతే. ఎగ్జాక్ట్‌గా అంతే!"

భీమశంకరం తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కడ నేర్చుకుందో అతనికి వెంటనే తెలిసింది.

కైకలూరు పక్కన చేపపిల్లల చెరువుల మీద ఇరవై ఏళ్లు లెక్కగాడిగా చేశాడు. లారీలు వచ్చేవి. నడుం లోతు నీళ్లలో నిలబడి, వలలోంచి వేలెడు పిల్లల్ని అయిదేసి చొప్పున పట్టి డ్రమ్ములో వెయ్యాలి. అయిదు అంటే ఒక చెయ్యి. మొదటి చేతికి "లాభం" అనాలి, ఒకటి అనకూడదు. తరవాత రెండు, మూడు. ఇరవై చేతులకి వంద. వంద అయ్యాక గట్టు మీద ఒక చింతపిక్క పెట్టి, ఇంకో చెయ్యి కొసరు వెయ్యాలి. దానికి పిలుపు లేదు, లెక్కా లేదు. దారిలో చచ్చిపోయే పిల్లల కోసం ఆ అయిదు. కొసరు మరిచిపోయిన లెక్కగాడిని మర్నాడు పనిలోకి పిలిచేవాళ్లు కాదు. భీమశంకరం ఎప్పుడూ మరిచిపోలేదు.

గురువారం నిమ్మకాయల ముందు నిలబడే, అతను సరస్సు మీది పరజల్ని, ఆ నల్లతల బాతుల్ని, తలుచుకున్నాడు. కళ్లు మూసుకుని లెక్కపెట్టి చూశాడు. అయిదు, అయిదు, అయిదు. వంద కాగానే ఎడమచేతి వేలు ఒకటి ముడుచుకుంది. అతని చూపు మాత్రం, ఎవరూ చెప్పకుండానే, ఇంకో అయిదింటిని దాటి అవతలికి వెళ్లింది.

అంటే ఎనిమిదేళ్లుగా, బాతుల లెక్క రాసుకునే వసంతలక్ష్మిగారి నోట్‌బుక్కుల్లో అతను చెప్పిన ప్రతి వందా తప్పే.

కింద కారు హారన్ వినిపించింది.

*

కారు తెచ్చిన శశికాంత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మోచేయంత లెన్స్ ఉన్న కెమెరా వాడిది. ముందు సీట్లో వసంతలక్ష్మిగారు కూర్చునుంది. సన్నగా, నిటారుగా, ఎర్ర ఉన్ని టోపీ కింద తెల్లజుట్టు పాయలు. గుంటూరు నుంచి ఇరవై నాలుగేళ్లప్పుడు నర్సుగా వచ్చి ఈ ఊళ్లోనే రిటైరైంది. పంతొమ్మిది చలికాలాలుగా మాంట్రోజ్ హార్బర్‌లో శనివారం పక్షుల్ని చూసి లెక్కపెట్టే నడక నడిపిస్తోంది.

"అంకుల్, బాక్స్ పక్కన జాగ్రత్త. దానికి సీట్ బెల్ట్ కూడా పెట్టించారు మేడమ్," అన్నాడు శశికాంత్.

వెనక సీట్లో అట్టపెట్టె. అందులో పంతొమ్మిది నోట్‌బుక్కులు. సరస్సు మీది పక్షుల గురించి పరిశోధన చేసేవాళ్లు వాటిని అడిగి తీసుకుంటున్నారు. నడక అవగానే శశికాంత్ వాటిని అక్కడ అప్పజెప్పి, ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపుతాడు.

"పన్నెండింటి లోపల ఇచ్చెయ్యాలయ్యా. శనివారం వాళ్లు తొందరగా మూసేస్తారు," అందావిడ వెనక్కి తిరక్కుండానే. "ఏం శంకరం, పలకవేం? నేను పోతున్నానని దిగులా, పీడ విరగడైందని సంతోషమా?"

"రెండూ ఉన్నాయి అక్కయ్యగారూ."

"అదీ. నిజం చెప్పావు."

భీమశంకరం పెట్టె మీద చెయ్యి వేశాడు. కారు మలుపు తిరిగినప్పుడల్లా లోపల పుస్తకాలు కొంచెం కదులుతున్నాయి.

ఆవిడ అతన్ని కనిపెట్టింది కొట్టు వెనక వాకిట్లోనే. గోంగూర కట్టలు దించుతుంటే తల మీదుగా బాతుల గుంపు పోయింది. అతను తలెత్తి, "నలభై మూడు," అనుకున్నాడు పైకే. పక్కన కారులో సామాను సర్దుకుంటున్న ఆవిడ, "నాకు నలభై ఒకటే వచ్చాయి," అంది. "వెనక రెండు వేరుగా పోతున్నాయండి," అన్నాడు. ఆవిడ అతన్ని కిందికీ పైకీ చూసి, "శనివారం పొద్దున ఖాళీయేనా?" అని అడిగింది. అప్పటి నుంచి హార్బర్‌లో అతను వెజిటబుల్ అంకుల్ కాదు. లెక్కల శంకరం. తెల్లవాళ్లు కూడా గుంపు కనపడగానే పక్కకి జరిగి, "షంకర్, హౌ మెనీ?" అని అతని నోటి వంక చూస్తారు. ప్లెయిన్స్‌బరోలో ఉన్న కూతురు నమ్రత ఆదివారాలు ఫోన్ చేస్తే, కొట్టు గురించి ఒక మాటా, బాతుల గురించి పది మాటలూ చెబుతాడు.

ఆ ఎనిమిదేళ్లే ఇప్పుడు అట్టపెట్టెలో ఉన్నాయి. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఎనిమిది పుస్తకాలు పనికిరావంటారు. ఆవిడ మొహం మారుతుంది. వచ్చే శనివారం నుంచి ఎవరూ అతని నోటి వంక చూడరు. చెప్పకపోతే ఏమీ కాదు. అదే అతనికి నచ్చడం లేదు.

*

హార్బర్ దగ్గర పదకొండు మంది పోగయ్యారు. అందులో ఇద్దరు పోలిష్ అక్కచెల్లెళ్లు. మిగతావాళ్లు ఒక పోస్ట్‌మన్, ఒక లైబ్రరీ ఉద్యోగి, అలాంటివాళ్లు. అందరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. సరస్సు మీంచి ఆవిరి లేస్తోంది. దక్షిణాన ఊరి మేడలు ఆ ఆవిరిలో నడుం దాకా మునిగి, పైభాగాలు మాత్రం ఎండలో మెరుస్తున్నాయి. కెరటాలు ఎగజిమ్మిన నీళ్లు రాతిగట్టు మీద గడ్డకట్టి, పొంగిపోయి చల్లారిన గంజిలా కిందికి వేలాడుతున్నాయి. ఐసు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలుగుతున్నాయి.

వసంతలక్ష్మిగారు ముందు నడిచింది. ఎప్పుడూ ఆవిడే ముందు. చేతికర్రతో గట్టును తట్టి, జారేచోట ఆగి, "లెఫ్ట్, ఎవ్రీబడీ, లెఫ్ట్," అని అరుస్తుంది. అందరూ ఆవిడ అడుగుల్లో అడుగులు వేస్తారు. భీమశంకరం ఆఖరున నడుస్తాడు. ఎవరైనా పడితే లేపడానికి.

మొదట ఐసు మీద నిలబడ్డ కెనడా బాతులు కనిపించాయి. అరవై రెండు. వందలోపు కాబట్టి అతను హాయిగా చెప్పాడు. తరవాత నుదుట తెల్లమచ్చ ఉన్న చిన్నబాతులు తొమ్మిది. వాటిని అతను బొట్టుబాతులంటాడు. ఇప్పుడు శశికాంత్ కూడా అలాగే అంటున్నాడు.

"అక్కయ్యగారూ," అన్నాడు భీమశంకరం, ఆవిడ పక్కకి వచ్చి.

"ఊఁ."

"ఏం లేదు. అక్కడ జారుతుంది."

"నాకు కనపడుతోందిలే."

సరస్సులోకి కొక్కెంలా వంగిన పైర్ గట్టు చివర నీళ్లు గడ్డకట్టని చోటు ఒకటి ఉంది. పరజలన్నీ అక్కడే చేరాయి. నల్లతలలు, తెల్లపక్కలు, ఒకదానికొకటి ఆనుకుని ఊగుతున్నాయి. మధ్యమధ్య ఒకటి మునుగుతోంది, ఇంకోచోట తేలుతోంది. గుంపు పక్కకి జరిగి అతనికి దారి ఇచ్చింది. వసంతలక్ష్మిగారు గ్లవ్ తీసి, పెట్టెలోంచి వెంట తెచ్చుకున్న ఈ ఏటి పుస్తకం తెరిచి, పెన్సిల్ పట్టుకుంది. ఈ చలికి పెన్నులో సిరా రాదు.

అతను లెక్కపెట్టాడు. పెదవులు కదిలాయి. లాభం, రెండు, మూడు. ఎడమచేతి వేళ్లలో గ్లవ్ లోపల ఒకటి ముడుచుకుంది, రెండు, మూడు. ఆఖరి పరజ దగ్గర చూపు ఆగింది.

"చెప్పు. ఎన్ని?"

పెన్సిల్ పట్టుకున్న ఆవిడ వేళ్లు చలికి తెల్లబడటం చూశాడు. ఆ వేళ్లని ఇంకా నిలబెట్టి ఉంచడం తప్పనిపించింది.

"నా లెక్కకి మూడొందల ఇరవై అక్కయ్యగారూ. కాని మూడొందల ముప్పై అయిదు ఉంటాయి."

"అదేం లెక్కయ్యా?"

చెప్పాడు. నిమ్మకాయలు, చేపపిల్లలు, కొసరు, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ పరజల వంకే చూశాడు. ఏమైందని పోలిష్ అక్క అడిగితే, శశికాంత్ ఇంగ్లిష్‌లో మెల్లగా వివరిస్తున్నాడు.

వసంతలక్ష్మిగారు పుస్తకం మూసింది.

"ఎన్నేళ్లు?"

"మొదట్నుంచీ."

"పోయిన జనవరిలో రెండువేల నాలుగొందలు అన్నావు. నేను పేపర్‌కి కూడా చెప్పాను. అంటే నూట ఇరవై బాతుల్ని మింగేశావా?"

"మింగేశానండి."

"దారిలో చచ్చిపోతాయని కొసరు వేశావా? ఇవేమన్నా లారీలో పోతున్నాయిటయ్యా? రెక్కలున్నాయి కదటయ్యా వాటికి!"

"చేతికి తెలీదు అక్కయ్యగారూ."

"వన్ మినిట్," అని శశికాంత్ మధ్యలోకి వచ్చాడు. కెమెరా రెయిలింగ్ మీద ఆనించి రెండు ఫొటోలు తీశాడు. ఫొటోని ఫోన్‌లోకి పంపుకుని, ఒక్కొక్క పరజ మీదా వేలితో ఎర్రచుక్క పెట్టడం మొదలుపెట్టాడు. అందరూ అతని చుట్టూ మూగి గాలికి అడ్డం నిలబడ్డారు. చాలాసేపు పట్టింది. పోస్ట్‌మన్ వేళ్ల మీదికి ఊదుకుంటున్నాడు. వసంతలక్ష్మిగారు మాత్రం దూరంగా నిలబడి నీళ్ల వంక చూస్తోంది.

"త్రీ థర్టీ ఫోర్," అన్నాడు శశికాంత్ చివరికి. "ఒకటి తగ్గింది అంకుల్."

"ఒకటి నీళ్లలో మునిగింది బాబూ. ఫొటోలో పడదు. రెండోది చూడు."

శశికాంత్ రెండో ఫొటో పెద్దది చేశాడు. అంచున, అంతకుముందు ఖాళీగా ఉన్న నీళ్లలో, ఒక నల్లతల కొత్తగా తేలి ఉంది. పోలిష్ చెల్లెలు చప్పట్లు కొట్టింది. గ్లవ్స్ మీద ఆ చప్పుడు బొత్తిగా వినపడలేదు.

*

తిరిగి వచ్చేటప్పుడు కూడా వసంతలక్ష్మిగారే ముందు నడిచింది. కర్రతో గట్టును మాత్రం మామూలు కంటే గట్టిగా కొట్టింది. భీమశంకరం వెనక నడుస్తూ, ఆ కర్ర చప్పుడునే వింటున్నాడు. ఆశ్చర్యంగా అతనికి భయం పోయింది. కడుపులో ఆకలి తెలుస్తోంది.

కార్ల దగ్గరికి రాగానే ఆవిడ, "శశీ, ఆ పెట్టె ఇలా తీసుకురా," అంది. బెంచీ మీది మంచును కర్రతో తుడిచి కూర్చుంది. "నువ్వూ కూచో శంకరం."

పెట్టె వాళ్లిద్దరి మధ్యకి వచ్చింది. ఆవిడ ఈ ఏటి పుస్తకం కూడా అందులో పెట్టి, ఎనిమిది పుస్తకాలు ఏరింది.

"నేను డ్యూటీలో చేరిన మొదటి నెలలో ఒక పేషెంట్ చార్ట్‌లో మందు కొలత తప్పు రాశాను. ఏడుస్తూ రబ్బరుతో చెరుపుతుంటే మా హెడ్ నర్స్ చెయ్యి పట్టుకుంది. చెరపకూడదంది. తప్పు కూడా కనపడాలి. దాని మీద ఒకే గీత గీసి, సరైనది పక్కన రాసి, సంతకం పెట్టాలి. ఎవరు దిద్దారో తెలియాలి." ఆవిడ అతని వంక మొదటిసారి సూటిగా చూసింది. "ఒక్కటి చెప్పు. ఎప్పుడైనా, ఏ ఒక్క వందకైనా, కొసరు మరిచిపోయావా?"

"లేదండి."

"ఒట్టు?"

"చెరువు మీద ఇరవై ఏళ్లు మరిచిపోలేదండి. ఇక్కడెందుకు మరిచిపోతాను?"

"అయితే ఇంకేం? వందకి అయిదు కలుపుకుంటే సరిపోతుంది. ఒకసారి వేసి ఒకసారి మానేసుంటే, ఇదిగో, ఈ ఎనిమిదీ ఈ సరస్సులో వెయ్యాల్సి వచ్చేది. నీ తప్పుకి కూడా ఒక పద్ధతుంది, పాడు మనిషీ." ఆవిడ మొదటి పుస్తకం అట్ట లోపలివైపు ఇంగ్లిష్‌లో రెండు లైన్లు రాసింది. శంకరం వంద అంటే నూట అయిదు అని, వందలోపు లెక్కలు సరైనవే అని. పెన్సిల్ అతనికి ఇచ్చింది. "సంతకం."

"బి.ఎస్. అని పెట్టనా? కొట్టులో పెట్టెలు దించినప్పుడు అలాగే పెడతాను."

"కొట్టు సంతకం ఎవరిక్కావాలి? పూర్తి పేరు రాయి. తెలుగులో రాయి."

అతను గ్లవ్ తీశాడు. భీమశంకరం అని తెలుగులో రాసి ఎన్నేళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. మొదటి పుస్తకంలో భ కింద వత్తు పక్కకి పోయింది. మూడోదానికి చెయ్యి తేలికైంది. ఎనిమిదోదానికి, శశికాంత్ వంగి చూసి, "అంకుల్, మీ హ్యాండ్‌రైటింగ్ ప్రింట్‌లా ఉంది," అన్నాడు. అతను సిగ్గుపడి గ్లవ్ తొడుక్కున్నాడు.

వీడ్కోళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. ఆవిడ ఒక్కొక్కరి చెంపా గ్లవ్‌తో తట్టింది. పోలిష్ అక్క ఏడిస్తే, "నాట్ ఇన్ దిస్ కోల్డ్. ఇట్ విల్ ఫ్రీజ్," అని కసిరింది. బెంచీ మీద మళ్లీ కూర్చుని, వంగి, బూట్ల దగ్గర ఏదో చాలాసేపు సర్దుకుంది. లేచి, భీమశంకరం ముందు ఒక్క క్షణం ఆగింది.

"రాధారాణికి చెప్పు, తను పంపిన టమాటా పచ్చడి నేను సీసాతో సహా పట్టుకుపోతున్నానని."

"చెబుతానండి."

"ఊఁ," అని కారెక్కింది. పన్నెండింటి లోపల వెళ్లాలి. అట్టపెట్టెకి మళ్లీ సీటు బెల్టు పెట్టి, శశికాంత్ కారు మలుపు తిప్పాడు. ఎర్రటోపీ కిటికీలో కాసేపు కనిపించింది.

భీమశంకరం బస్సు కోసం నడవబోతూ బెంచీ వంక చూశాడు. ఐసు మీద జారకుండా బూట్లకి తొడుక్కునే ఇనపముళ్ల రబ్బరు పట్టీలు రెండు అక్కడ ఉన్నాయి. ఆవిడవే. కారు వెళ్లినవైపు నాలుగు అడుగులు పరుగెత్తి, ఆగి, ఫోన్ చేశాడు.

"శశీ, అక్కయ్యగారు బూట్ల ముళ్లు మరిచిపోయారు. వెనక్కి తిప్పుతావా?"

స్పీకర్‌లో ఆవిడ గొంతే వచ్చింది. "మరిచిపోనిది నీ చెయ్యొక్కటే అనుకున్నావుటయ్యా? ఫ్రీమాంట్‌లో ఐసెక్కడిది? వచ్చే శనివారం నీ వెనక పదిమంది నడవాలి. ముందు నువ్వు పడకుండా ఉండు."

ఫోన్ పెట్టేసింది.

*

కొట్టులో ఆ మధ్యాహ్నం సొరకాయలు వచ్చాయి, ఇరవై పెట్టెలు. మెత్తబడ్డవి పక్కన పెట్టి, మిగతావి తొడిమలు ఒకవైపుకి ఉండేలా పేర్చాడు. ఒకామె, "వెజిటబుల్ అంకుల్, లేత బెండకాయలు ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. మంగళవారం అన్నాడు. రఘు అతని బూట్ల వంక చూసి, "ఏంటంకుల్, టైర్లకి చైన్లు వేశారా?" అని నవ్వితే తనూ నవ్వాడు. వాటిని కొట్టులో విప్పాలని అప్పుడు గుర్తొచ్చింది. ఆరింటికి మళ్లీ తొడుక్కుని, రాధారాణి చెయ్యి పట్టుకుని, గడ్డకట్టిన కాలిబాట మీద మధ్యలోంచి నడిచాడు.

"చెప్పేశారా?" అని ఆమె దారిలో అడిగింది.

"చెప్పేశాను."

"తిట్టిందా?"

"బాగా తిట్టింది."

అతను హుషారుగా ఉన్నట్టు అతని అడుగుల్లోనే తెలుస్తోంది. ఇంటికి రాగానే అన్నం వడ్డించమని రెండుసార్లు కేకేశాడు.

గుమ్మం పక్కన పాత పేపరు పరిచి, ఆ ముళ్ల పట్టీలు విప్పి పెట్టాడు. అతని బూట్ల మీద సాగిన రబ్బరు మెల్లగా తన పాత కొలతకి, ఒక చిన్న పాదమంత కొలతకి, ముడుచుకుంది; ఎడమదాని మడమ దగ్గర అరిగి నున్నబడిన ముళ్ల మధ్య ఇరుక్కున్న ఐసుముక్క ఇంకా కరగలేదు.